గుంట

శనివారం, లివర్‌పూల్ లైబ్రరీ, రెండో అంతస్తు.
సిడ్నీకి ఈ కొసన కూడా ఒక లివర్‌పూల్ ఉంది.
పేర్లు కూడా ఓడలెక్కి వచ్చినవే.

మెరిలిన్ గుంటా అప్పలసామి,
ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపి మొన్ననే దిగిన మనిషి,
గోడలకంటించే కాగితం చుట్ట ఒకటి బల్ల మీద విప్పింది.
పువ్వులున్న వైపు కిందికి,
తెల్లటి వీపు మీద పెన్సిలు గడులు.
చుట్టుకుపోకుండా నాలుగు మూలలా
నా ఫోనూ, తన తాళాలూ, ఒక నిఘంటువూ, ఆపిల్ పండూ.

కింది వరసలో వాంకూవర్ మనవలు, ఆక్లండ్ తమ్ముడి పిల్లలు.
వాళ్ళ మీద లౌటోకా, చక్కెర మిల్లు, పదకొండు మంది.
ఒకరి పక్కన "తుఫాను" అని మాత్రమే.
అందరికన్నా పైన, ఒంటరిగా, ఒక గడి: గుంట.
అక్కణ్ణుంచి పైకి గీత లేదు.

"మా అమ్మమ్మ. తల్లి ఓడలోనే పోయిందట.
ఇంట్లో ప్రతి పెద్దకూతురికీ ఈ పేరు మధ్యలో పెడతాం.
ఫోన్లో వెతికితే మీ భాషలో గొయ్యి అని వచ్చింది.
పిల్లకి గొయ్యి అని ఎవరు పెట్టుకుంటారు?"

నేను ఆసుపత్రి లాబ్‌లో రక్తాలు చదివేదాన్ని,
కాగితాలు కాదు. తెలుగొచ్చని ఎవరో చెప్పారట.

కూలి పాసు నకలు నా ముందుకు జరిపింది.
1911. మద్రాసు రేవు. ఆడ. వయసు మూడు.
ఎత్తు రెండడుగుల పదంగుళాలు.
ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ.
జిల్లా విశాఖపట్నం.
ఊరి పేరు మీద తడి పడింది,
వానో, చెమటో, గుమాస్తా గారి టీయో.
చివరి ముక్క మిగిలింది: వలస.

మా పార్వతీపురం చుట్టూ వలసలే.
వంద ఊళ్ళకి అదే తోక.
ఆ మాటకి అర్థం ఆమె అడగలేదు.

ఇక పేరు దగ్గర,
ఆ ఇంగ్లీషు అక్షరాలను పెదాలతో తడిమి
పైకి చదివానో లేదో
మా అమ్మ పెరటి గుమ్మంలోంచి కేకేసినట్టయింది.

అది పేరు కాదు, మెరిలిన్.
మా వైపు ఆడపిల్ల ఎవరైనా గుంటే.
గుమాస్తా తల ఎత్తకుండా "ఇదెవరు" అనుంటాడు.
చంకలో బరువు, వీపు మీద తోసే వరస.
"గుంట" అనుంటుంది తల్లి.
గుంట. నా గుంట. అంతే.
కలం కదిలిపోయింది.

అసలు పేరు పైడితల్లో, నూకాలో, సింహాచలమో,
బతకని పిల్లల తర్వాత పుట్టుంటే పరదేశో.
తెలిసిన ఒక్క నోరూ నీళ్ళపాలయ్యాక
పిల్లని పిలవడానికి కాగితమే మిగిలింది.

చెప్పేశాను.
మెరిలిన్ చాలాసేపు ఆపిల్‌ని చూసింది.
రబ్బరు అందుకుంటుందేమో అనుకున్నాను.
"అయితే పాస్‌పోర్టుల్లో, పెళ్ళి కాగితాల్లో,
నా బస్సు లైసెన్సులో కూడా
పిల్ల, పిల్ల, పిల్ల అని రాసుకుంటూ వచ్చామన్నమాట."
నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"మీ అమ్మ ఎలా పిలిచేది? పిలువు."

లైబ్రరీలో అరవకూడదు.
అయినా గొంతు సవరించుకుని,
చీకటి పడ్డాక ఆటలోంచి లాక్కొచ్చే తీరులో
చివర దీర్ఘం తీసి,
ఒలే గుంటా!

కంప్యూటర్ల దగ్గర కుర్రాళ్ళు తలలెత్తారు.
తెలుగు ముక్క రాని
అరవయ్యొకటేళ్ళ మనిషి
"ఆఁ" అంది.

తర్వాత ఆపిల్ తీసి కొరికింది.
ఆ మూల కాగితం మెల్లగా లేచి చుట్టుకుంది.
వెనకున్న పువ్వులు కనిపించాయి.